అన్న వదిలిన గాలి

బెంగళూరు మొత్తంలో నన్ను "తిన్నావా" అని అడిగే గొంతు ఒక్కటే ఉండేది. అదీ ఆఫీసు ఫోనులో. అదీ ఈశాన్యపు గాలి వీచే రోజుల్లోనే. ఇదెక్కడి విడ్డూరం అంటారా? చెప్తాను.

తొంభైల చివర్లో యలహంకలో ఒక మేడగది అద్దెకు తీసుకుని రోజూ రెండు బస్సులు మారి ఆఫీసుకు వెళ్లేదాన్ని. రాష్ట్ర సరిహద్దు కొండల మీద గాలిమరలు ఏది ఎక్కడ నిలబడాలో, ఎంతెంత ఎడంగా ఉండాలో లెక్కగట్టడం నా పని. మధ్యాహ్నం అందరూ ఒకచోట చేరి కన్నడంలో జోకులేసుకుంటే నేను ఒక క్షణం ఆలస్యంగా నవ్వేదాన్ని. కొన్నాళ్లకు ఆ నవ్వు మీద నాకే విసుగొచ్చి, నా అన్నం డబ్బా నా బల్ల దగ్గరే తెరవడం మొదలుపెట్టాను. రమ్మని ఎవరూ పిలవలేదు. పోనీలే, వాళ్లకు మాత్రం నేనేం చుట్టాన్నా!

ఫోను చేసేది కొండమీద మరలు చూసుకునే పెద్దాయన. రక్తసంబంధం ఏమీ లేదు. నన్ను పాపా అన్నాడు, నేను చిన్నాయనా అన్నాను, అంతే.

"బువ్వ తింటివా పాపా?" అనేది మొదటి మాట. "గాలి మళ్లా ఇట్ల తిరుక్కుండాది. తమ్ముని మిషను వణకతా ఉండాది" అనేది రెండోది.

తమ్ముడి మిషను కథ నేను చేరకముందుది. కొండవాలు చేను ఇద్దరు అన్నదమ్ములు పంచుకున్నారు. అన్న భాగంలో మర నిలబెడితే తమ్ముడు ఊరుకుంటాడా? "వాని చేన్లో తిరిగితే నా చేన్లోనూ తిరగల్ల" అని పట్టుబట్టాడట. గొడవెందుకులే అని కంపెనీవాళ్లు రెండోదాన్ని పక్కనే ఇరికించారు. ఆషాఢపు గాలి పడమర నుంచి వస్తుంది, అప్పుడు ఒకదానికొకటి అడ్డం లేకుండా రెండూ హాయిగా తిరుగుతాయి. కార్తీకం వచ్చి గాలి ఈశాన్యానికి మళ్లితే మాత్రం తమ్ముడిది కాస్త ఓరగా అన్నదాని వెనక పడుతుంది. ముందున్న మర గాలిలోని బలమంతా లాగేసుకుని, మిగిలినదాన్ని సుడులు చేసి వదులుతుంది. వెనకదాని రెక్క తిరిగే ప్రతి చుట్టులో ఒక సగం నిండు గాలిలోకి, ఒక సగం ఆ నీరసపు గాలిలోకి పోతుంది. ఒక్క దెబ్బకు ఏమీ కాదు. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే ఒకనాటికి పుటుక్కుమంటుందే, అలా లోహం లోలోపల అలిసిపోతుంది.

మందు తేలికే. గాలి ఆ దిక్కు నుంచి వచ్చినప్పుడు ఆ మర దానంతటదే ఆగేలా చెయ్యాలి. అలా ఆగితే వణుకుండదు. వణుకు లేకపోతే చిన్నాయన నాకు ఫోను చెయ్యాల్సిన పనీ ఉండదు. ఈ సంగతి నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసే మా పైఅధికారి గదిలోకి వెళ్లాను.

ఆయన తాతల నాటి నుంచీ బెంగళూరులో స్థిరపడిన తెలుగాయన. "తిరిగే మిషను నిలిపేదేందమ్మా? అది నిలిస్తే నన్ను నిలదీస్తారు" అన్నాడు. చలికాలపు గాలిలో వచ్చే కరెంటు ఏపాటిదో, ఆ వణుకుకు పాడయ్యే గేరుబాక్సు ఖరీదు ఎంతటిదో వివరించాను. గోడకు చెప్పినా కాస్త ప్రతిధ్వని వచ్చేది. చివరికి నాకు ఒళ్లు మండింది.

"బోల్టు వదులైతే పైకెక్కి బిగించేది మీరూ నేనూ కాదు సార్. కొండమీది ఆ పెద్దాయన. ఆయన మోకాళ్లు ఎలా ఉన్నాయో మీకు తెలుసా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ వారంలోనే ఆగమని మరకు నేర్పించారు.

చిన్నాయన ఆ సాయంత్రం ఫోనులో చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. "బుద్దిగా నిలబడుకుండాది పాపా! తమ్ముడు మాత్రం అన్నది తిరగతా ఉంటే నాది నిలిపితిరే అని తిడతా ఉండాడు." ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ తర్వాత ఫోను మోగలేదు.

మోగదని తెలుసు. అయినా ఆయన చేసే వేళకి, నాలుగు కాగానే, చెయ్యి ఫోనువైపే పోయేది. గెలిచానని ఎవరితో చెప్పుకోను? కాసేపు వణికితే దాని సొమ్మేం పోయిందని ఆ మర మీదే కోపమొచ్చేది. పాపిష్ఠి ఆలోచన, కానీ వచ్చింది.

ఒకరోజు ఉండబట్టలేక నేనే చేశాను.

"ఏం పాపా, మిషనేమన్నా అయ్యిందా?" కంగారుపడ్డాడు.

"ఏం కాలేదు చిన్నాయనా." ఆయన మాటే ఆయనకు అప్పజెప్పాను. "బువ్వ తింటివా?"

అవతల గాలి హోరుమంటోంది.

"నేను తింటిలే గానీ," అన్నాడు మెల్లగా, "నిన్ను అడిగేటోళ్లు ఎవురన్నా ఉండారా పాపా, ఆడ?"

"ఓ, చాలామంది" అన్నాను. మూత తీయని డబ్బా నా ముందే ఉంది.