ఒక పాలడబ్బా తలంబ్రాలు

శుక్రవారం, పొద్దున్న ఏడు గంటల నలభై నిమిషాలు. నా పెళ్ళి ముహూర్తం కాబట్టి మరిచిపోలేదు. మెర్డెకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం, రావడానికి రెండేళ్ళ ముందు మాట. ఇప్పుడు తెలుక్ ఇంటాన్ అంటున్న ఊరి దగ్గర, రబ్బరు తోటలో, మా ఇంటి వాకిట్లో జరిగింది.

దానికి తొమ్మిది రోజుల ముందు, బుధవారం, దేశమంతటికీ మొదటిసారి ఓట్లు పెట్టారు. మా తోటలో ఓటున్నవాళ్ళు పదిమందికి మించి లేరు. వాళ్ళలో నాన్న ఒకడు. ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. బల్ల దగ్గర కూర్చున్నవాడు జాబితా చూసి, నీ ఓటు పడిపోయింది పొమ్మన్నాడు.

“నేనిప్పుడే గదా వొచ్చినాను! నా ఓటు ఎవుడేసినాడు?” అని నాన్న అరిచాడు.

మరో ముగ్గురికీ అదే మాట చెప్పారు. నిజంగానే ఎవడైనా వేశాడో, బల్ల దగ్గరవాడు వరస తప్పి చూశాడో నాకు తెలియదు. ఆ జాబితా చదవగలిగినవాడు మాలో ఒక్కడూ లేడు. నాకు అక్షరాలు వచ్చేసరికి అరవై దాటాయి. అప్పటికి ఆ కాగితం ఎక్కడుంది?

బల్ల తిరగబడింది. రాళ్ళు పడ్డాయి. మధ్యాహ్నానికి సైన్యం లారీలు తోటలోకి వచ్చాయి. మేనేజరు కుర్చీలో సైనికాధికారి కూర్చున్నాడు. అడవిలో తుపాకులు పట్టిన కమ్యూనిస్టులే మమ్మల్ని రెచ్చగొట్టారని ఆయన నమ్మకం. వాళ్ళకు గింజ కూడా చేరకూడదని ఇల్లిల్లూ తిరిగి బియ్యం ఎత్తుకుపోయారు. ఆనాటి నుంచి అందరికీ ఒకే వంట. గిన్నె పట్టుకుని నిలబడితే ఉడికిన అన్నం పెట్టేవారు.

పెళ్ళికొడుకు నా మేనబావ. అతని తల్లి, నాన్న అప్పా అని పిలిచే అక్క, పెళ్ళి ముందురోజు వచ్చి మా వాకిట్లో కూలబడింది.

“తలంబ్రాలకి బియ్యవేవిరా?”

“ఆళ్ళెట్టిన అన్నవే పోసుకుంటార్లా, అప్పా.”

“ఉడికిన అన్నం నెత్తిన పోసుకుంటే పెళ్ళంటార్రా దాన్ని? తద్దినవంటారు! బియ్యం నేకపోతే నా కొడుకు పీట మీద కూకోడు.”

“ఆళ్ళ కాడికి నేనెల్లను.”

“ఓటు కోసం ఊరి మీద పడ్డావు. కూతురు కోసం గుప్పెడు బియ్యం అడగనేవేటి?”

నాన్న లేచాడు. నేనూ వెనకాలే వెళ్ళాను. అధికారి బియ్యం ఇస్తానన్నాడు, ఒక కాగితం మీద వేలిముద్ర వేస్తే. అందులో ఏముందో తమిళ గుమాస్తా చెప్పాడు: నా ఓటు నేనే వేశాను, గొడవ చేయడం నా తప్పు. నాన్న నా వైపు చూశాడు. వద్దు నాన్నా అని నేను అనలేదు. అనాలని కూడా అనిపించలేదు. నాకు పెళ్ళి కావాలి.

గుమాస్తా మళ్ళీ మొదలుపెట్టబోతే నాన్న ఆపాడు. “సదివింది సాలు. ఏలెక్కడ ఎయ్యాలి?”

ఒక పాలడబ్బా బియ్యం ఇచ్చారు. కింద పడిన ప్రతి గింజా ఏరి ఉమ్మడి వంటలో కలపాలని షరతు. కాపలాకు ఒక మలాయ్ సిపాయిని పంపారు.

పసుపు కలిపిన ఆ బియ్యాన్ని బావా నేనూ కొంచెం కొంచెంగా పోసుకున్నాం. దోసిలి నిండలేదు. అక్షింతలప్పుడు నాన్న చెయ్యి నా నెత్తి మీద పడింది. బొటనవేలు తోమి తోమి ఎర్రబడింది గానీ సిరా పోలేదు.

తర్వాత అందరూ వంగి గింజలు ఏరారు. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, నా జడలోంచి కూడా తీశాడు.

“చుకుప్ లా, పాక్ చిక్,” చాలు పెద్దాయనా అని సిపాయే అన్నాడు. నాన్న ఆపలేదు. డబ్బా నిండా ఇచ్చినవి డబ్బా నిండా అప్పగించాడు. ఆ మధ్యాహ్నం తోటంతా తిన్న అన్నంలో పసుపు మెతుకులు కనిపించాయి.

మెర్డెకా వచ్చింది, మళ్ళీ ఓట్లొచ్చాయి. నాన్న వెళ్ళలేదు.

ఆ పొద్దున్న మా వాకిట్లో ఉన్నవాళ్ళు: అత్త, బావ, మంత్రాలు వచ్చిన ముసలాయన, గుమాస్తా, సిపాయి, ఓటు పోయిన మరో ముగ్గురిలో ఒక్కడు (మిగతా ఇద్దరూ రాలేదు), నేను, తన ఓటు తానే వేశానని ఒప్పుకున్న మా నాన్న.