గీతకు జానెడు అవతల

మా క్లబ్బులో కొత్తవాళ్లకు మొదటి ఆరు నెలలూ పరీక్షాకాలం. ఆట ఎలా ఆడతామన్నది కాదు, నలుగురిలో ఎలా మసలుకుంటామన్నది చూస్తారు. నేను ఈ తమిళ మహానగరానికి ఉత్తరపు కొసన ఉన్న వాషర్‌మెన్‌పేట్‌లో పుట్టి పెరిగినదాన్ని. ఉద్యోగం కోసం ఊరికి ఈ దక్షిణపు వైపు వచ్చాక, నలభై దాటిన వయసులో, కాలేజీలో వదిలేసిన టెన్నిస్ మళ్లీ మొదలుపెడదామని చేరాను. తెల్ల బట్టలు, తెల్ల బూట్లు కొనుక్కున్నాను. పక్క కోర్టులో ఆట నడుస్తుంటే వెనకనుంచి దాటకూడదని తెలుసుకున్నాను.

పొద్దున ఆరింటికి ఆడవాళ్ల డబుల్స్. ఆ గుంపుకు పెద్ద ఒకావిడ, ముప్పై ఏళ్లుగా సభ్యురాలు. నేను చేరిన మూడో నెలలో ఒకరోజు ఆవిడ కొట్టిన బంతి మా వైపు గీతకు జానెడు అవతల పడింది. "అవుట్" అన్నాను. మిగతా ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు. ఆవిడ మాత్రం నవ్వింది.

"అలాగా? సరే, నీకు కనబడింది కదా," అని ఇంగ్లీషులో అంది.

ఆట అయ్యాక నెట్ దగ్గర చేతులు కూడా కలిపాం.

మర్నాటినుంచి నాకు ఆట దొరకలేదు. "అయ్యో, ఇప్పుడే నలుగురం అయ్యాం," అనేవాళ్లు. అయిదున్నరకే వెళ్తే, "ఇంకొకామె వస్తానంది, ఆమె కోసం చూస్తున్నాం," అనేవాళ్లు. ఎవరూ కసురుకోలేదు, గుడ్ మార్నింగులు మానలేదు. నేను బెంచీ మీద కూర్చుని రాకెట్ పిడికి చుట్టిన టేపు విప్పడం, మళ్లీ చుట్టడం. ఆఫీసులోనూ అదే ధ్యాస. మీటింగులో నోటుపుస్తకంలో గీత గీసి, పక్కన చుక్క పెట్టి చూసుకునేదాన్ని. నిజంగా అవతలే పడిందా?

రెండు వారాలయ్యాక ఒక పెద్దావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. మోకాళ్లు అరిగి ఆట మానేసినా, రోజూ కాఫీకి వచ్చే మనిషి. గేటు దగ్గర నేను మా అమ్మతో ఫోనులో తెలుగు మాట్లాడటం విన్నదట.

"ఏం మా, మనోళ్లేనా నువ్వు? మేము నాలుగు తరాలుగా ఈడే," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఆ బాల్ బయటే పడింది. నేనూ చూసినా."

"మరి నన్నెందుకండీ పక్కన పెట్టారు?"

"ఆమెకి ఇప్పుడు కండ్లు సరిగా ఆనవు మా. ఆమె కొట్టిన బాల్‌ని ఎవురూ అవుట్ అనరు. కొత్తదానివి, నీకు ఎవురు చెప్తారు? పోయి సారీ చెప్పేయ్."

ఆ మాటతో నా కోపానికి నిలబడే చోటు లేకుండా పోయింది. ఆవిడ చూపు సంగతి నాకెలా తెలుస్తుంది? తెలిసుంటే అబద్ధం చెప్పేదాన్నా? రెండు రోజులు ఇంట్లో అందరిమీదా విసుక్కుని, మూడో రోజు వెళ్లి ఆవిడ ముందు నిలబడ్డాను.

"మేడమ్, ఆ రోజు నేను తొందరపడ్డాను. బంతి గీత మీదే పడి ఉంటుంది."

"ఏ రోజు? నాకేం గుర్తులేదే," అని ఆవిడ నా భుజం తట్టింది. "రేపు ఆడదాం, రా."

మర్నాడు ఆడాను. గీత దాకా వచ్చిన ప్రతి బంతికీ నా కళ్లు ఆవిడ ముఖం మీదికి పోయాయి. స్పష్టంగా బయట పడ్డ రెండు బంతుల్ని పరిగెత్తి మరీ తిరిగి కొట్టాను. "బాగా ఆడావు," అన్నారందరూ. ఆరు నెలలు నిండగానే సభ్యత్వం ఖాయమైందని ఉత్తరం వచ్చింది. మా ఆయన స్వీట్లు తెచ్చాడు. నేను ఒక ముక్క కొరికి డబ్బా మూసేశాను.

మరో రెండు నెలలు వెళ్లాను. అలారం మోగకముందే మెలకువ వచ్చేది. ఒకరోజు క్లబ్బు గేటుదాకా పోయి, కారు దిగకుండానే వెనక్కి తిప్పేశాను.

వారం తర్వాత, కాఫీకి వచ్చే ఆ పెద్దావిడ ఫోన్ చేసింది. "ఏం మా, ఆడ అందరూ అడగతా ఉండారు. రావడంలేదే?"

"మోకాలు నొప్పండీ," అన్నాను.

"అయ్యో, చూసుకో మా," అంది. తనూ మోకాళ్లు అరిగిన మనిషే అయినా, ఏ డాక్టరు, ఏ మందు అని మాత్రం అడగలేదు.