లక్క కింద రెండు ట్రాన్సిస్టర్లు

సుందర్ రాజ్ ఎవరి రేడియో బాగుచెయ్యాలన్నా సొంతదారు ఎదురుగా కుర్చీలో కూర్చోవాల్సిందే. "మీరు కూకోండి, అప్పుడే ఇప్పుతాను" అంటాడు. సాయంత్రం వచ్చి పట్టుకెళ్తామంటే రేడియో తిరిగి చేతిలో పెట్టేస్తాడు. మద్దిలపాలెం బస్సు డిపో వెనక వీధుల్లోకి కొత్తగా వచ్చినవాళ్లు దీన్ని నిజాయితీ అనుకుంటారు. మా చర్చివాళ్లం మాత్రం ఏమీ అనం. ఆ కుర్చీ ఎందుకు వేశాడో మాకు తెలుసు.

అతను పోర్టులో ఎలక్ట్రీషియన్, ఇంటి దగ్గర రేడియోలు కూడా బాగుచేస్తాడు. డెబ్బై ఎనిమిదిలో మా చర్చి పాటల బృందానికి ఎలక్ట్రిక్ గిటారు వచ్చింది. వాయించేవాడు అతని చెల్లెలి మొగుడు జ్ఞానశేఖర్. కాలితో తొక్కితే గిటారు మోత గరగరలాడుతూ హాలంతా నిండిపోయేలా చేసే పెట్టె ఒకటి ఉంటుందని, అలాంటిది మనకెక్కడ దొరుకుతుందని జ్ఞానశేఖర్ ఒకటే గొడవ. సుందర్ రాజ్ నెల తిరక్కుండా తానే చేసిచ్చాడు. అల్యూమినియం టిఫిను డబ్బా, పైన ఒక స్విచ్చి, లోపల సర్క్యూటు. ఆ సర్క్యూటు మీద పార్సిళ్లకు వేసే ఎర్ర లక్క కరిగించి పోసేశాడు. ఎందుకంటే, ఎవరూ చూసి కాపీ కొట్టకుండా అన్నాడు. నాలుగు పాటలు సరిగ్గా రాని మా బృందానికి ఒక రహస్యం కూడా ఉందని మేం ఊరంతా చెప్పుకు తిరిగాం.

ఎనభై ఒకటి డిసెంబరులో, క్రిస్మస్ పాటలు సాధన చేస్తుండగా ఆ పెట్టె మూగబోయింది. సుందర్ రాజ్ బ్యాటరీ నాలిక మీద పెట్టి చూశాడు, చురుక్కుమంది. గిటారు వైరు మార్చాడు. స్విచ్చి విప్పి గరుకు కాగితంతో రుద్దాడు. గిటారును నేరుగా యాంప్లిఫయరుకు తగిలిస్తే మోగుతోంది, పెట్టెను మధ్యలో పెడితే చప్పుడు లేదు. అంటే తేడా లక్క కిందే ఉంది. ఇంటికి తీసుకెళ్లి చూస్తానన్నాడు. వ్యవధి లేదు, ఇక్కడే కరిగించమని మేం పట్టుబట్టాం. అతని మొహం పాలిపోవడం చూసి కూడా, ఎక్కడ రహస్యం బయటపడుతుందోనని బెంగ కాబోలు అని నవ్వుకున్నాం. మా బుద్ధి అంతే.

ఇంతలో చర్చి పక్కింటి ఆరోగ్యమ్మ వచ్చింది. ఆమె భర్త దయానందం పక్షవాతంతో చాలాకాలం మంచాన ఉండి, రెండేళ్ల కిందట పోయాడు. మంచం మీద ఆయనకున్న కాలక్షేపమల్లా తలగడ పక్కన రేడియో. అది ఒకసారి మూగబోతే సుందర్ రాజ్‌కే ఇచ్చారు. అతను వారం ఉంచుకుని, ఇక బాగవదని తిరిగిచ్చేశాడు. ఆ రేడియోనే ఇప్పుడు ఆమె గుడ్డలో చుట్టి తెచ్చింది. ఎలాగూ పాడైందే కదా, ఇందులో సామాను ఏదైనా పనికొస్తే దేవుడి పాటలకు వాడుకోమంది.

సుందర్ రాజ్ చెయ్యి చాపలేదు. జ్ఞానశేఖరే అందుకుని మరలు విప్పాడు.

"బావా, ఇక్కడ రెండు ట్రాన్సిస్టర్లు ఎవులో కోసీసేరు" అన్నాడు.

తన దగ్గరకు రాకముందే ఏ మెకానిక్కో తీసుంటాడని సుందర్ రాజ్ గొణిగాడు. ఆరోగ్యమ్మ కోపం లేకుండానే, నీ చెయ్యి తప్ప దాని మీద ఇంకో చెయ్యి పడలేదు బాబూ అంది.

అతను టంకం పెట్టే ఇనుము వేడిచేసి డబ్బాలోని లక్క కరిగించాడు. బఠాణీ గింజలంత ట్రాన్సిస్టర్లు రెండు బయటపడ్డాయి, కాళ్లు పొట్టిగా కోసి ఉన్నాయి. పెట్టెకు వచ్చిన జబ్బు కూడా కనిపించింది. ఒకచోట టంకం ఊడింది, అంతే. ఒక్క చుక్క వేస్తే పలికేది. అతను ఆ చుక్క వెయ్యలేదు. రెండు ట్రాన్సిస్టర్లనీ ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఇవి మీవేనమ్మా. మీ రేడియోకి ఓ వైరు ఊడింది, అంతే. ఇలాటివి బజార్ల దొరక్క నానే తీసీసేను. బాగవదని అబద్దం సెప్పేను."

మూడేళ్లు మేం కాలితో తొక్కి వాయించింది ఆ మంచం మీది మనిషి రేడియోనని అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

అతను వాటిని రేడియోలో అతికి, ఊడిన వైరు కలిపాడు. రేడియో పాడింది. ఆరోగ్యమ్మ కాసేపు విని, మెల్లిగా ఆపేసింది.

"ఆకర్రోజుల్లో ఆయన దీని కోసమే అడిగీవారు బాబూ. ఇంకోడి సేత సూపిద్దావా అన్నాను. వద్దన్నారు. సుందర్ రాజు బాగవదన్నాడంటే మరంతే, ఇంకెవులికీ సూపించొద్దన్నారు."

రేడియోను మళ్లీ గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయింది. ఆ క్రిస్మస్‌కు గిటారు ఏ గరగరా లేకుండా మోగింది. సుందర్ రాజ్ చర్చిలో ఆఖరి వరసకు మారిపోయాడు, ఇంట్లో పనిబల్ల ముందు సొంతదార్ల కోసం ఒక కుర్చీ వేశాడు.

రెండేళ్లకు ఆ రేడియో మళ్లీ మూగబోయింది. ఆరోగ్యమ్మ తిన్నగా అతని ఇంటికే తెచ్చింది. అతను కుర్చీ తుడిచి, కూర్చోమని బతిమాలాడు. ఆమె కూర్చోలేదు.

"ఇంకెవులికీ సూపించొద్దన్నారు కదా" అని, రేడియో బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.