అట్ట వెనక మాట నమ్మని మామ

మామ పోయారన్న కబురు టెలిగ్రాం మీద వచ్చింది. నేను అప్పుడు నిజామాబాద్‌లో పుట్టింట్లో ఉన్నాను. కాగితం చదివి ఏడవలేదు. తెచ్చిన మనిషినే నిలదీశాను. "ఇది ఏ ఊరి నుంచి? ఇంకెవరి ఇంటికన్నా ఇయ్యాల్సింది మాకిచ్చినవా?" అతను జాలిగా చూసి సైకిలెక్కాడు. ఆ అడగడం నాది కాదు, మామది. ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉంటే అనుమానం కూడా అంటుకుంటుంది. నాందేడ్‌లో అత్తగారింటికి చేరి, వసారాలో పడుకోబెట్టిన ఆయన ముఖం కళ్లారా చూసేదాకా నాకు ఏడుపు రాలేదు.

మా మామ మోండాలో, అంటే నాందేడ్ ధాన్యం బజారులో, అడత్ వ్యాపారం చేసేవారు. రైతులు తెచ్చిన ధాన్యం అమ్మిపెట్టడం ఆయన పని. బస్తా మూతి దగ్గరి గింజలు చూసి ధర చెప్పిన రోజు లేదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు గింజలు తీసి చూసేవారు. సామెతలను కూడా ఆయన అలాగే చూసేవారు. ఎవరైనా "నమ్మి చెడినోడు లేడు" అంటే, "చెడినోన్ని అడిగి చెప్పిండ్రా?" అనేవారు. "పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అంటే, "గది పెరడు గలోడు పుట్టించిన మాట, పక్కింటోడు ఆకు తెంపుకపోకుండ" అనేవారు. "నిదానమే ప్రధానం" అన్న మాట పుట్టించింది మాత్రం రైలు వాళ్లేనట. "ఇంట గెలిచి రచ్చ గెలవాలి" అని ఎవరన్నా అంటే అత్తమ్మ వైపు ఒకసారి చూసి, "ఇంట గెలిచినోన్ని ఒక్కన్ని చూపియ్యుండ్రి, దండం పెడ్త" అనేవారు. ఇవి హాస్యానికి అన్న మాటలు కావు. ఆయన నవ్వేవారు కాదు. మనం నవ్వితే ఎందుకు నవ్వామోనని మళ్లీ అనుమానం.

నేను కోడలిగా వచ్చినప్పుడు నా వెంట ఒక రేకుపెట్టె నిండా తెలుగు నవలలు వచ్చాయి. మామ నిజాం రోజుల్లో ఉర్దూ చదివినవారు. మా ఆయన చదివింది మరాఠీ బడి. ఇంట్లో అందరి నోటా తెలుగే, కానీ తెలుగు అక్షరం వచ్చిన మనిషి నేనొక్కదాన్నే. ఇంట్లో ఎవరూ చదవలేని రాత ఒక పెట్టె నిండా ఉందంటే మామకు నిద్ర ఎలా పడుతుంది?

ఒకనాడు నేను చదువుతున్న నవలను తీసుకొని తిరగేశారు. "బిడ్డా, వెనక ఏం రాసిండ్రు?"

చదివాను. "ఆ ఇంటి కోడలు గుండెల్లో దాచుకున్న రహస్యం ఏమిటి? చేతికి తీసుకుంటే కింద పెట్టలేరు! ఊపిరి బిగబట్టి చదవవలసిన నవల!"

"ఏ ఇంటి కోడలు?"

"కథల కోడలు మామా."

"రాసినోనిది ఏ ఊరు?"

"విజయవాడ దిక్కట."

"మన ఇంటి సంగతి అంత దూరం ఎట్ల పోయింది?"

తర్వాత ఆ పుస్తకాన్ని నేల మీద పెట్టారు. తీశారు. మళ్లీ పెట్టారు. "కింద పెట్టలేరన్నడు. ఇగో, పెట్టిన. గిదొక ఝూట్. ఊపిరి బిగబట్టి ఇంత పుస్తకం చదివితే మనిషి సస్తడు. గిది రెండో ఝూట్. ఇగ రహస్యం ఒక్కటి మిగిలింది. చదువు, వింట."

మధ్యాహ్నాలు చదివి వినిపించాను. మామ మాట కూడా కలపకుండా విన్నారు. కథ అయిపోయింది. ఆ కోడలు ఏ రహస్యమూ దాచలేదు. పాపం, మొదటి నుంచి చివరిదాకా వంట చేసింది, అలిగింది, మళ్లీ వంట చేసింది.

"రహస్యం ఏది?" అన్నారు మామ.

"లేదు మామా."

"అట్ట మీద ఉన్నది, లోపల లేదంటవ్. కోడలి రహస్యం కోడలే చదివి చెప్పవట్టె. నువ్వే తీసేసి చదివినవ్."

పెట్టెకు తాళం పడింది. రహస్యం దొరికేదాకా తెరవొద్దన్నారు. మా ఆయన్ని అడిగితే, "బాపుకు ఎదురు చెప్పేటోడు ఇంక పుట్టలే" అని చెప్పులేసుకొని బయటికి పోయాడు. కొత్త ఊరు, పక్కింటివాళ్ల మరాఠీ సగమే అర్థమయ్యేది. నాకు తోడు ఆ పుస్తకాలే. ఇంతకన్నా భయపెట్టింది ఇంకొకటి. మామ ఆ నవలను సంచిలో వేసుకొని మాటిమాటికీ రైలెక్కి ఎక్కడికో పోతున్నారు. తెలుగు వచ్చిన పెద్దమనిషి ఎవరికో చూపించి, నా తప్పు పట్టుకొని, నన్ను పుట్టింటికి పంపుతారేమోనని నా అనుమానం. అత్తమ్మను అడిగాను. "నాకు చెప్పి పోతడా బిడ్డా? పెండ్లినాడు పీటల మీదికి కూడ చెప్పి రాలే" అంది.

అప్పుడే మా నాయిన నన్ను చూడటానికి వచ్చాడు. గడపలోనే పొట్ట పట్టుకొని నవ్వుతున్నాడు. దారిలో బాసరలో దిగాడట. గుడిలో అక్షరాభ్యాసానికి చంటిపిల్లలను ఒళ్లో పెట్టుకొని తల్లిదండ్రులు వరసగా కూర్చున్నారట. ఆ వరసలో పలక పట్టుకొని మా మామ!

"అయ్యగారు అచ్చి పిల్లగాడేడని అడిగిండు బిడ్డా. 'నేనే' అన్నడు మీ మామ. అయ్యగారు పరేషాన్! సరే, చెయ్యి పట్టి రాయిచ్చిండు. రాసినంక మీ మామ ఊకుండలే. 'ఇంతమంది ఈడ రాసిపోతున్నరు గదా, మరి ఫెయిలయ్యేటోళ్లు ఎవలు?' అని అడిగిండు."

"నిన్ను చూసిండా నాయినా?"

"చూసిండు. 'బావా, గింత తిప్పలెందుకు, నేను నేర్పుత' అన్న. 'వద్దు, నువ్వు పిల్ల దిక్కోనివి. తప్పు అక్షరాలు నేర్పినా నేర్పుతవ్' అన్నడు."

నేను నవ్వలేకపోయాను. నా మాట తప్పని తేల్చడానికి ఆ వయసులో ఒక మనిషి ఓనమాలు దిద్దుతున్నాడు. కోపం వచ్చింది. దాని వెనకే, ఇంత కష్టపడి నన్ను ఎవరు పట్టించుకున్నారు అన్న వింత ఆలోచన కూడా వచ్చింది.

బాసర దాటాక స్టేషన్ బోర్డుల మీద తెలుగు పేర్లను, పక్కనే మోండా లెక్కల్లో తనకు పట్టుబడ్డ హిందీ అక్షరాల్లో ఉండే పేర్లతో పోల్చి చూసుకొని మామ అక్షరాలు సరిచూసుకునేవారట. గుణింతాలకు రెండో తరగతి వాచకం కొన్నారు. ఎండాకాలం పోయి వానలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచారు. నేను వెళ్లేసరికి పెట్టె తెరిచి ఉంది.

"మొత్తం చదివిన. రహస్యం లేదు."

"నేను ముందే చెప్పిన గదా మామా."

"నువ్వు చెప్పినవ్. అట్ట కూడ చెప్పింది. ఇద్దర్ల ఎవలు ఝూటో నాకెట్ల తెలుస్తది? ఇప్పుడు తెలిసింది." లోపలికి కేకేశారు. "చాయ్ పెట్టుండ్రి. ముందు కోడలికియ్యుండ్రి."

క్షమాపణ అంటే ఆయనకు అదే. ఆనాటి నుంచి మామ ఊరందరినీ అనుమానించారు, నన్ను తప్ప. ఇంట్లో ఏ తగువు వచ్చినా "కోడలన్నదా? అయితే అయినట్టే" అనేవారు. మా ఆయనకు అది కొంచెం కష్టంగానే ఉండేది. నాకు మాత్రం ఊరికే ఇచ్చే నమ్మకం కన్నా అడుగు గింజ దాకా చూసి ఇచ్చిన ఆ నమ్మకమే బరువుగా అనిపించేది.

ఆ తర్వాత పెట్టెలోని నవలలన్నీ ఆయన చదివారు. ఇరుగుపొరుగు తెలుగు ఆడవాళ్లు పుస్తకం అడగడానికి వస్తే అట్ట వెనక మాట ఆయనే చెప్పేవారు. "గిది కింద పెట్టచ్చు. నేను రెండుమార్లు పెట్టిన, ఏం కాలే." "గిండ్ల గుండెలు పగుల్తయని రాసిండు. నాది పగల్లే, నీది నీ ఇష్టం." "ప్రతి ఇంట్ల ఉండాలన్నడు. మీ ఇంట్ల లేదు, అయినా మీరు మంచిగనే ఉన్నరు గదా?" ఆ మాటలు వినడానికే కొందరు వచ్చేవారని నా అనుమానం.

పోయిన చలికాలం మామ, నేను నిజామాబాద్‌లో ఒక పుస్తకాల దుకాణానికి వెళ్లాం. ఆయన పుస్తకాలన్నీ బోర్లా తిప్పి, వెనక మాటలు ఒక్కొక్కటే చదువుతూ నిలబడ్డారు. దుకాణందారు గొణుగుతున్నాడు. చివరికి ఒకటి తీశారు. దాని వెనక అట్ట ఖాళీ. ఒక్క అక్షరం లేదు.

"గిది ఏం చెప్పుకోలే. గిదే తీస్కుందాం" అన్నారు.

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చొని మొదటి పేజీ తీశారు. గోదావరి వంతెన వచ్చింది. రైలు పెట్టెలో ఉన్నవాళ్లంతా లేచి నదికి దండం పెట్టారు, కిటికీల్లోంచి పైసలు విసిరారు. మామ తలెత్తలేదు. వంతెన కమ్ముల నీడలు పేజీ మీద పరుగెత్తుతున్నాయి. వాటి కింద ఆయన వేలు ఒక్కో అక్షరాన్నీ తాకుతూ, మెల్లగా కదులుతోంది.