తెల్ల పొగ జాడ తీసిన స్తమేనా

1974 కోతల్లో, ముగ్గురు మేస్త్రీలు పదకొండు రోజులు వెతికినా దొరకని నూనె కారే చోటును మా చెల్లెలు స్తమేనా గుప్పెడు గోధుమపిండితో పట్టుకుంది. నూనె కారుతున్నది మా సహకార వ్యవసాయ క్షేత్రంలోని కోత యంత్రంలో. ఇంజనంతా కడిగి, తుడిచి, ఆరబెట్టి, దాని మీద పిండి జల్లింది.

"రొట్టెలు కాలుస్తున్నావా తల్లీ?" అని పెద్ద మేస్త్రీ నవ్వాడు.

ఇంజను పావుగంట తిరిగేసరికి తెల్లటి పిండిలో వెంట్రుకంత నల్లగీత కిందికి పాకింది. ఆ గీత పట్టుకుని పైకి వెళితే పగులు దొరికింది. పెద్ద మేస్త్రీ మళ్ళీ నవ్వలేదు.

తర్వాతి సంగతులు అన్నగా నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. రొడోపి కొండల్లో మా వైపు ట్రాక్టరు తోలిన మొదటి ఆడమనిషి ఆమె. రెండు పతకాలు, ఒక గోడగడియారం వచ్చాయి. క్షేత్రం మూతపడ్డాక మా ఇంటి వెనక కొట్టంలో పాత కార్లు బాగుచేస్తూ బతికింది. నీలం పొగైతే నూనె, నల్లపొగైతే పెట్రోలు ఎక్కువ, తెల్లపొగైతే నీళ్ళు అని చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాయి. నేల మీద పడ్డ చుక్కను వేళ్ళ మధ్య రుద్ది ఏ నూనో చెప్పేది. ఇన్నేళ్ళలో ఆమె చెయ్యి పడ్డ బండి ఏదీ దారిలో ఆగలేదు.

ఈ ఏడు, అంటే 2002లో, అక్టోబరు ఒకటిన మా పొరుగింటి దాకో పోయాడు. కనుమ అవతల ఉన్న స్మిలెన్ ఆయన పుట్టిన ఊరు, పూడ్చిందీ అక్కడే. నలభయ్యో రోజున ఆత్మ ఈ లోకం విడిచిపోతుంది. ఆ పూట సమాధి దగ్గర ఉడికించిన గోధుమలు పంచాలి. అది నవంబరు తొమ్మిది. చలికాలంలో కనుమ మీదికి బస్సు రాదు. ఉన్నదల్లా దాకో పాత కారు. అదేమో ఆయన పోయిన వారం నుంచి తెల్లగా పొగలు కక్కుతోంది.

నెలాఖరులో ఆయన భార్య వెలికా, కొడుకు మొంచిల్ దాన్ని మా కొట్టంలోకి తెచ్చారు.

"మీ దాకో అన్న ఈ బండిలోనే ఉన్నాడు స్తమేనా," అంది వెలికా. "పొద్దున తాళం తిప్పగానే తెల్లగా బయటికొస్తాడు. తియ్యగా, ఘాటుగా వాసన. సారా కాచిన రోజుల్లో అచ్చం ఇలాగే ఉండేవాడు."

"అమ్మ మాటకేం గానీ, గాస్కెట్ పోయిందత్తా. నీళ్ళు ఇంజన్లోకి పోతున్నాయి," అన్నాడు మొంచిల్.

"రేడియేటర్లో నీళ్ళు తగ్గాయా?"

"చూళ్ళేదు."

"చూడకుండానే చెప్పేస్తున్నావా. మీ నాన్న కంటే తెలివైనవాడివే."

నీళ్ళు నిండుగా ఉన్నాయి. నూనె మూత విప్పితే, నీళ్ళు కలిస్తే పట్టే తెల్లటి నురగ కూడా లేదు. అయినా పొగ గొర్రె ఉన్నిలా కొట్టమంతా కమ్ముకుంది. స్తమేనా ఆ సాయంత్రం కారు కింద, చుట్టూ నేలంతా పిండి జల్లింది. వెలికా శిలువ గుర్తు వేసుకుంది. మా వైపు నలభయ్యో రోజు లోపు గడపలో పిండి జల్లేది పోయినవాళ్ళ అడుగు కోసం.

"నువ్వూ ఆయన కోసమేనా?"

"నాకు చుక్క కావాలి వదినా, అడుగు కాదు."

తలుపుకు తాళం వేసి తాళంచెవి నడుముకు కట్టుకుంది.

తెల్లవారి మంచులో నలుగురం వెళ్ళాం. తాళం వేసింది వేసినట్టే ఉంది. పిండి మీద ఒక్క చుక్క లేదు. డ్రైవరు తలుపు పక్కన మాత్రం ఒక కుడికాలి అడుగు. వేళ్ళు కారు వైపు ఉన్నాయి. అక్కడికి వచ్చిన అడుగులు లేవు, తిరిగి వెళ్ళినవీ లేవు.

వెలికా వంగి చూసింది. "నాలుగే వేళ్ళు," అంది మెల్లగా. దాకో కుడికాలి చిటికెన వేలు సైన్యంలో ఉండగా చలికి పోయింది.

"పిల్లేమో," అన్నాను నేను.

"పిల్లికి నాలుగు వేళ్ళున్నా ఇంత మడమ ఉండదన్నా," అంది స్తమేనా.

ఆ అడుగు వేళ్ళు చూపిస్తున్న వైపు, బ్రేకు పెడలు దాకా చూసింది. తర్వాత దాన్ని తొక్కకుండా దాటి, సీట్లో కూర్చుని, కుడికాలు చాపి బ్రేకు నొక్కింది. పెడలు మెల్లమెల్లగా దిగి నేలకు అంటుకుంది.

బ్రేక్ ఆయిల్ డబ్బా చూస్తే అడుగంటింది.

"పది రోజుల కిందటే గీత దాకా పోశానత్తా," అన్నాడు మొంచిల్. చక్రాల దగ్గర తడి లేదు. మరి ఎక్కడికి పోయింది?

బ్రేకు తేలిగ్గా పడేందుకు ముందువైపు ఒక గుండ్రటి డబ్బా ఉంటుంది. దాన్నుంచి ఇంజన్లోకి వెళ్ళే గొట్టం ఊడదీసి వంచింది. లోపల తడి.

"సీలు అరిగి ఆయిల్ ఈ డబ్బాలోకి కారుతోంది. ఇంజను పీల్చి కాల్చేస్తోంది. అందుకే కింద చుక్క లేదు, వెనక పొగ. ఇన్నేళ్ళూ తెలుపంటే నీళ్ళేనని అందరికీ చెప్పాను. తప్పు చెప్పాను. గాస్కెట్ మార్చుకుని వెళ్ళుంటే కనుమ దిగేటప్పుడు మీకు బ్రేకు ఉండేది కాదు."

మొంచిల్ పిండిలోనే కూలబడ్డాడు. అడుగు చెరిగిపోయింది. 

పట్నం నుంచి మా ఊరికి వచ్చే బస్సు డ్రైవరు నాలుగో రోజున కొత్త సీళ్ళు తెచ్చాడు. వాటిని వేసి, డబ్బా, గొట్టం కడిగి, కొత్త ఆయిల్ పోసి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీసింది. పొగ ఆగిపోయింది.

"వెళ్ళిపోయాడా?" అంది వెలికా.

"నలభయ్యో రోజు దాకా ఎక్కడికి పోతాడు వదినా?"

బయల్దేరాల్సిన నవంబరు ఎనిమిది, ప్రాణాలు తీసుకెళ్ళే దేవదూత పండుగ. మా వైపు ఆ రోజు ఎవరూ కొండదారి పట్టరు. మొంచిల్ తాళంచెవి పట్టుకుని కారు చుట్టూ తిరుగుతున్నాడే గానీ ఎక్కలేదు.

"తాళం ఇలా ఇవ్వరా. నా పని తప్పైతే ముందు నాకే తెలియాలి," అంది స్తమేనా.

గోధుమల గిన్నె ఒళ్ళో పెట్టుకుని వెలికా వెనక కూర్చుంది, పక్కన మొంచిల్. ముందు సీటులో కూర్చోవడానికి ఇద్దరూ ఒప్పుకోలేదు. వీధి చివర స్తమేనా ఒకసారి బ్రేకు వేసి చూసింది. బండి ఉన్నచోటే నిలిచింది. నేను దగ్గరికి వెళ్ళాను. మిగతా అద్దాలన్నీ తేటగా ఉన్నాయి. ఆ ఖాళీ సీటు పక్క అద్దానికి లోపలి నుంచి ఆవిరి పట్టింది, ఊపిరి తగిలినట్టు, ఒక మనిషి ముఖమంత మేర.  ఆమె గేరు వేసింది.

నిన్నటి నుంచి కనుమ మీద మంచు కురుస్తోందట. స్మిలెన్‌లో ఫోను లేదు. మా స్తమేనా రేపు, నవంబరు పదో తేదీ, ఆదివారం, పొద్దుగుంకేలోగా తిరిగి రావాలి.