సముద్రం ఒడ్డున బాపు మోకు

మా బాపు సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో చనిపోతే ఆ ఊరివాళ్లు మాకు కబురు చెయ్యలేదు. రెండేళ్లు. ఒక్క కార్డు ముక్క రాయలేదు. ఆ రెండేళ్లూ అమ్మ గాజులు వేసుకునే ఉంది. పెత్రమాస నాడు అయ్యగారికి బియ్యం ఇస్తూ పోయిన పెద్దల పేర్లన్నీ చెప్పేది, బాపు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. బతికున్నవాడి పేరున ఇస్తే పాపం, పోయినవాడికి ఇవ్వకపోతే అదీ పాపమే. ఈ వయసులోనూ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

మాది గార్ల పక్కన ఊరు. బాపు తాళ్లు గీసి కల్లు తీసేవాడు. దొరల మీద తిరగబడ్డ సంఘం మనుషులకు అన్నం పెట్టాడని పోలీసులు వెతుకుతుంటే, తాడెక్కే మోకు భుజాన వేసుకుని డోర్నకల్‌లో రైలెక్కాడు. సంఘానికి సాయం చేసిన ఊళ్లను తగలబెడుతున్న రోజులవి. మళ్లీ జాడ లేదు.

బందరు వైపు కూలికి పోయివచ్చిన మాలాగే తాళ్లు గీసే గౌండ్లాయన ఒకడు చివరికి చెప్పాడు.

"సముద్రం కాడ ఒక గుడిసెల మోకు చూసిన. ఎడమచేతి ముడి. గా మోకు మీ బాపుదే. అడిగితె, జెరమొచ్చి పోయి రెండేండ్లాయె అన్నరు."

బందరులో పొద్దున రైలు దిగి ఆ ఊరికి నడిచాను. సాయంత్రం బండికే తిరిగి రావాలి, కోతల రోజులు. మగవాళ్లంతా వేటకు పోయారు. ఊళ్లో ఎండుచేపలు, కాకులు, గాలి. సముద్రం చూడటం నాకదే మొదలు. ఎన్ని నీళ్లో అని చెప్పుకోవడానికి పక్కన మనిషి లేడు. అటు వీపు పెట్టి నడిచాను.

గౌండ్లాయన చెప్పిన గుడిసె ముందు ఒక ముసలమ్మ వల అల్లుతోంది. "గీడ మా బాపు ఉండెనంట" అన్నానో లేదో, నవ్వింది.

"నువ్వూ గీడ, గాడేనా! ఆయన కొడుకువే. ఆ మాటలకి మా పిల్లలు ఆయన్ని తెగ ఏడిపించేవోళ్లు."

లోపలికి పోయి మోకు తెచ్చి నా చేతిలో పెట్టింది. ముడి ఎవరూ విప్పలేదు. నాకు ఏడుపు రాలేదు.

"మనిషి పోతె ఇంటికి చెప్పరా? గిదేం రివాజు? మా అమ్మ ఆడ గాజులేసుకోని ఎదురుచూస్తాంది!"

ఆమె నవ్వు ఆగింది.

"ఆఖరి రోజు కూడా అడిగాం బాబూ, మీదే ఊరని. 'ఊరి పేరు బయటపడితె పోలీసోళ్లు ఊరు కాలవెడ్తరు, జర అడుగకుండ్రి' అన్నాడు. ఏ ఊరికి రాయమంటావు?"