చంద్రగిరిలో నా చెయ్యి పట్టుకున్న పిల్లాడు

నేను ఊరికే ఒట్లు వేసే మనిషిని కాను. కానీ ఈ ఒక్కదానికి మాత్రం నా కొడుకు తల మీద చెయ్యి పెట్టి చెబుతాను. ఇది జరిగింది. నాకే జరిగింది. కల కాదు, జ్వరం కాదు... నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి.

సెల్‌ఫోన్లు ఇంకా మా దాకా రాని రోజులు. మా కిట్టుకు మూడో ఏడు. నాయుడుపేట నుంచి తిరుమలకు వెళ్లి, తెల్లవారుజామునే వాడికి పుట్టు వెంట్రుకలు తీయించాం. గుండుకు చందనం పూశాం. కొండ దిగి టూరు బస్సెక్కాం. రాజులేలిన ఊరు చంద్రగిరి. కోట, మహళ్లు గైడు తిప్పి చూపిస్తాడు. చీకటి పడ్డాక కోటలోనే లైట్ల ప్రదర్శన. బస్సు నిండా కొండ దిగినవాళ్లే. పిల్లలందరికీ గుండ్లే, అన్నిటికీ చందనమే.

"సూడు, అందురూ ఒకే మాదిరి ఉండారు. మనోడే అనుకొని ఇంకొకణ్ణి ఎత్తుకొచ్చేవు," అని మా ఆయన నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

గైడు పెద్దాయన. గొంతు ఇంకా పెద్దది. రాజమహల్ ముందు మమ్మల్ని నిలబెట్టి రాయలవారి సంగతులు చెబుతుంటే, కిట్టు మాత్రం గుండు గోక్కుంటూ నా భుజం మీద చందనం పొట్టు రాల్చాడు. ఎండకు అది ఎప్పుడో ఆరిపోయింది. ఈ మాట గుర్తుంచుకోండి.

రాత్రి ప్రదర్శన. స్పీకర్లలో గుర్రాల డెక్కల చప్పుడు. అయిపోయింది, జనం లేచారు... అంతలో కరెంటు పోయింది.

"అమ్మా, బిడ్డల చేతులు ఇడవొద్దండి! నా టార్చి ఎనకాలే రాండి!" గైడు అరిచాడు.

అప్పటికే నా చేతిలో చెయ్యి లేదు. చెప్పు తెగితే వంగాను... అంతే. "కిట్టూ!" అన్నాను. "ఒరే కిట్టూ!" జనం నన్ను ఒరుసుకుంటూ పోతున్నారు. నా గొంతు నాకే వినపడటం లేదు.

అప్పుడు... చిన్న చెయ్యి ఒకటి వచ్చి నా చేతిలో దూరింది.

ఏడుపొచ్చేసింది. రెండో చేత్తో తల తడిమాను. నున్నటి గుండు. చందనం వాసన.

"యాడికి పోయినావురా? పానం పోయింది నాకు," అన్నాను. పలకలేదు. భయపడ్డాడనుకున్నాను.

నడిచాం. టార్చి ముందెక్కడో ఊగుతోంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. అడుగుల చప్పుడు... నాది మాత్రమే. కోట గోడ దాటే చోట వాడు ఆగిపోయాడు. వెనక్కి లాగాడు. గట్టిగా కాదు... మారాం చేసే పిల్లలు లాగినట్టు.

"రా నాయనా, బస్సెళ్లిపోతాది," అని నేనే ముందుకు లాగాను. మళ్లీ ఆగాడు. మళ్లీ లాగాను.

బస్సు లైట్లు కనిపించాయి. మెట్టు మీద మా ఆయన.

"ఏమే, ఇంతసేపు యాడుండావు? వీడు నా కాలు పట్టుకున్నాడు, ఎత్తుకొని వచ్చేసినా. నిద్రపోయినాడు సూడు."

ఆయన భుజం మీద కిట్టు. నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

నా చేతిలో చెయ్యి... ఇంకా ఉంది.

కిందికి చూడలేదు. చూడలేకపోయాను. వేళ్లు వదులయ్యాయి... ఒకటి... ఇంకొకటి... మెల్లగా. చూసేసరికి పక్కన ఎవరూ లేరు. తల తడిమిన అరచేతి నిండా చందనం. తడిగా ఉంది.

నేను అరిచిన అరుపుకు బస్సంతా లేచింది. గైడూ మా ఆయనా టార్చి పట్టుకుని మళ్లీ కోట లోపలి దాకా వెళ్లి వెతికారు. బస్సులో పిల్లలందరూ ఉన్నారు. ఇళ్లకు పోతున్న ఊరివాళ్లను కూడా అడిగారు.

"ఎవురి బిడ్డా తప్పిపోలేదమ్మా. ఎక్కండి," అన్నాడు గైడు. నా అరచెయ్యి చూపించాను. ఆయన చూశాడు. నీళ్ల సీసా వంచాడు. కడుక్కున్నాను.

"దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఆ ఊరి పిల్లోడెవుడో అయ్యుంటాడు," అంటాడు మా ఆయన ఇప్పటికీ. ధైర్యం చెబుతున్నాననుకుంటాడు పాపం.

నాకు ఆ మాటకే భయం. దయ్యమే అయ్యుండాలని ఇన్నేళ్లుగా కోరుకుంటున్నాను. ఎందుకంటే... పిల్లాడే అయితే, వాడు నన్ను వెనక్కి లాగింది వాళ్లమ్మ దగ్గరికి. నేనే వెళ్లనివ్వలేదు.